నడుం మీద చెయ్యి

చొక్కా కింద రివాల్వర్ పెట్టుకుని గణపతిరావు మొదటిసారి వీధిలోకి వచ్చిన పొద్దున, గుమ్మం నుంచి సందు చివరిదాకా పెళ్ళికొడుకులా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు.

"నడుం పట్టేసిందా ఏటండీ?" అని గుమ్మంలోంచి దుర్గాదేవి అడిగింది. మొగుడి నడుం పట్టెయ్యలేదని ఆవిడకి బాగా తెలుసు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఆయన అద్దం ముందు పక్కకి తిరిగీ, వెనక్కి తిరిగీ, చొక్కా కిందికి లాగీ చూసుకుంటుంటే చూసింది ఆవిడే కదా.

గణపతిరావు నాలుగంగల్లో వెనక్కొచ్చాడు. "నెమ్మదిగా మాటాడవే. ఇది కనబడకూడదు, ఎవరికీ తెలియకూడదు."

"అయితే మీరు నడవకండి. కూకుంటే బానే ఉంది, నడిస్తేనే తెలిసిపోతంది," అని ఆవిడ లోపలికి పోయింది.

ఆ రివాల్వర్ ఆయన తండ్రి తాతబ్బాయిది. ఒకప్పుడు చీడికాడ కొండల వైపు కలప లారీలు తిప్పిన రోజుల్లో ఆ పెద్దమనిషి లైసెన్సు తెచ్చుకుని, తుపాకీ కొని, బీరువాలో పెట్టి తాళం వేశాడు. బతికినన్నాళ్ళూ దాన్ని నడుముకి కట్టుకున్న పాపాన పోలేదు. ఆయన పోయాక లైసెన్సు పెద్దకొడుకుగా తన పేరు మీదికి మార్చుకోవడానికి గణపతిరావు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. అంత తిరిగి తెచ్చుకున్నదాన్ని మళ్ళీ బీరువాలో పడెయ్యడానికి మనసెలా ఒప్పుతుంది? పైగా ఆ నెలలోనే దేవరాపల్లి రోడ్డులో ఎవరో ఒక బెల్లం వర్తకుణ్ణి ఆపి కొట్టారు. దాంతో కారణం కూడా దొరికింది. కొట్టినవాళ్ళు వారం తిరక్కుండానే పట్టుబడ్డారనుకోండి. గణపతిరావు మాత్రం ఆ సంగతి విననట్టే ఊరుకున్నాడు.

లైసెన్సు కోసం విశాఖపట్నంలో తర్ఫీదు కూడా అయ్యాడు. అక్కడ నేర్పిన పాత మిలిటరీ ఆయన చివర్లో ఒక్క మాట చెప్పాడు. "గురి సంగతి తర్వాత. ముందు దాన్ని మాటిమాటికీ తడుముకోవడం మానుకోండి. కొత్తలో అందరూ తడుముకుంటారు. మీ చెయ్యి ఎక్కడికి పోతే చూసేవాళ్ళ కన్ను అక్కడికే పోతుంది." గణపతిరావు తల బాగానే ఊపాడు. ఊపుతూ నడుం తడుముకున్నాడు.

దాంతో బతకడం అంత సుళువు కాదని మొదటి రోజే తెలిసింది. వంగితే పొడుస్తుంది. కింద కూర్చుంటే పైకి తన్నుకొస్తుంది. మోటారు సైకిలెక్కితే తొడ ఒరుసుకుపోతుంది. ప్యాంట్లు వదులు చేయించక తప్పలేదు. దర్జీ సత్తిబాబు కొలతల టేపు నడుం చుట్టూ తిప్పుతూ, "ఒళ్ళు తగ్గేరు కదా, వదులెందుకండీ?" అన్నాడు. "గాలాడాలి," అన్నాడు గణపతిరావు. ఇంతలో టేపు గట్టిదేదానికో తగిలి ఆగింది. సత్తిబాబు మరేమీ అడగలేదు. ఆ పూట అతను కొలతలు తీసుకున్నంత మర్యాదగా ఎన్నడూ తీసుకుని ఎరగడు.

సాయంత్రానికల్లా చోడవరం అంతటికీ తెలిసిపోయింది.

తెలిసినట్టు ఎవరూ అనలేదు. మర్యాద మాత్రం పెరిగింది. బస్టాండు దగ్గర టీకొట్టు పరదేశి ఒకప్పుడు ఆయన్ని దూరం నుంచి చూడగానే, "గణపతిరావు గారొస్తన్నారు, గ్లాసులు దాయండ్రా, అరుపుకి పగిలిపోతాయి," అని అందర్నీ నవ్వించేవాడు. ఇప్పుడు తువ్వాలుతో బల్ల తుడిచి, అడక్కుండానే టీ తెచ్చి పెట్టి, రెండు చేతులూ కట్టుకుని నిలబడుతున్నాడు. గణపతిరావుకి మహా సరదాగా ఉంది. ఇన్నేళ్ళూ గొంతు చించుకున్నా రాని మర్యాద ఇప్పుడు నోరు మెదపకుండానే వస్తోంది. అసలాయన అరవడమే మానేశాడు. నడుములో తుపాకీ పెట్టుకుని అరిస్తే అది పోలీసు కేసవుతుంది కదా.

"మీరు నెమ్మదస్తులైపోనారు. మందేటైనా ఏసుకుంటన్నారా?" అంది దుర్గాదేవి.

అంతా బాగానే ఉంది, తమ్ముడు హరిబాబు దగ్గరికి వచ్చేసరికే తేడా కొట్టింది.

అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క ఇళ్ళు, పక్కపక్క చెరకు తోటలు, బెల్లం వండే గానుగ మాత్రం ఉమ్మడి. దెబ్బలాట కూడా ఉమ్మడే. రైవాడ కాలువ నీళ్ళు ఎవరి తోటకి ముందు పెట్టాలన్న దగ్గర్నుంచీ గానుగ ఏ రోజు మొదలెట్టాలన్న దాకా వాళ్ళు దెబ్బలాడుకోని సంగతి లేదు. ఇద్దరూ గట్టు మీద నిలబడి అరుచుకుంటుంటే దారినపోయేవాళ్ళు అడ్డం వెళ్ళేవాళ్ళు కాదు, ఎందుకంటే కాసేపటికి ఆ ఇద్దరే ఒక మోటారు సైకిలెక్కి టిఫిన్‌కి పోతారని అందరికీ తెలుసు. తండ్రి పోయిన రోజున కూడా పాడె ఏ వైపు నుంచి ఎత్తాలో పోట్లాడుకుని, ఆ తర్వాత ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు.

ఆ వారం కాలువ నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా వచ్చింది. "నిన్న రేత్రంతా నీ మళ్ళకే పోనాయి కదా, ఇయ్యాల నాకొగ్గేయ్," అన్నాడు హరిబాబు. "నా మళ్ళు నిండనేదురా, కనిపించడం నేదా?" అన్నాడు గణపతిరావు. అలవాటుగా గొంతు లేచింది. అలవాటుగానే, ఈ మధ్య వచ్చిన అలవాటుగా, చెయ్యి నడుం మీదికి పోయింది. ఉందో లేదో చూసుకోవడానికే. ఆయన మనసులో మరే ఉద్దేశమూ లేదు.

హరిబాబు ఆ చేతి వంక చూశాడు. నోటి దాకా వచ్చిన మాట మింగేశాడు. "సరే అన్నియ్యా, నీ ఇష్టం," అని పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

గెలిచానని గణపతిరావు ముందు మురిసిపోయాడు. భోజనం దగ్గరికొచ్చేసరికి ఆ గెలుపు ఎందుకో రుచించలేదు. మర్నాడు గానుగ ముహూర్తం అడిగితే "నీ ఇష్టం అన్నియ్యా." పొయ్యిలోకి చెరకు పిప్పి ఎవర్ని తెమ్మందాం అంటే "నీ ఇష్టం." ఆయనకి తిక్క రేగింది. తమ్ముడితో మాట్లాడుతున్నట్టు లేదు, ఆఫీసులో గుమాస్తాతో మాట్లాడుతున్నట్టుంది.

గానుగ మొదలెట్టిన రోజు మొదటి పెనం అన్న కాచాలన్నది వాళ్ళింటి ఆనవాయితీ. పాకం దగ్గర అన్న తెడ్డు తిప్పుతాడు, తమ్ముడు ఎదురుగా నిలబడతాడు. అందరూ చొక్కాలు విప్పి తువ్వాలు చుట్టుకునే పనిచేస్తారు. ఆ వేడికి ఒంటి మీద గుడ్డ నిలవదు. ఆ రోజు గణపతిరావు మాత్రం చొక్కా గుండీలన్నీ పెట్టుకుని పెనం ముందు నిలబడ్డాడు. చెమట ధార కడుతోంది. తుపాకీ తోలు ఒర వేడెక్కి నడుముకి అంటుకుంటోంది.

రసం కాగింది. పైకి తేలిన మడ్డి తీశారు. పాకం చిక్కబడి రంగు తిరిగింది. గణపతిరావు తెడ్డు తిప్పుతూనే ఉన్నాడు. బెల్లం గట్టిగా ఉండాలని ఆయనకి పట్టుదల, అందుకే ఎప్పుడూ "ఇంకొంచెం ఉండనీ" అంటాడు. హరిబాబు "దించెయ్, దించెయ్" అని ప్రాణం తీస్తాడు. అలా అరుచుకుని అరుచుకుని, అన్న విసుగెత్తి దించేసిన క్షణమే సరైన పాకం. ఎన్నేళ్ళుగానో ఇదే వరస. ఆ క్షణం ఇద్దరిలో ఎవరికీ విడిగా తెలియదు.

ఇవాళ ఎదుట నుంచి ఒక్క మాట లేదు. గణపతిరావు ఒకసారి తలెత్తి చూశాడు. హరిబాబు చేతులు కట్టుకుని పెనంలోకి చూస్తున్నాడు. ఇంకొంచెం ఉండనీ, అనుకున్నాడు గణపతిరావు. మరికొంచెం. అంతలో మాడు వాసన గుప్పుమంది.

బెల్లం దిమ్మ నల్లగా దిగింది. చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంటే చేదు. గానుగ మనుషులు పక్క చూపులు చూశారు. తాతబ్బాయి కాలం నుంచీ మొదటి పెనం మాడడం ఆ గానుగకి ఇదే.

"నీకు కనిపిస్తనే ఉంది కదరా! ఒక్కసారి దించమని అననేవా?" అన్నాడు గణపతిరావు.

హరిబాబు అన్నని తోట గట్టు దాకా తీసుకెళ్ళాడు. మనుషులకి వినబడనంత దూరం వచ్చాక ఆగాడు.

"ఏటని అనమంటావన్నియ్యా? ఆ వేళ కాలవ దగ్గర నువ్వు నడుం మీద సెయ్యేసేవు."

"ఒరే, అది ఉందో నేదో సూసుకున్నాన్రా. ఉత్త అలవాటు. నీమీద తీస్తాననుకున్నావా?"

"తియ్యవు. నాకు తెలుసు. నీకంటే నాకే బాగా తెలుసు." హరిబాబు అన్న నడుం వంక చూశాడు. "నాకు నీమీద బయం నేదు. నా నోటి మీద బయం. నేనేదో కూస్తాను, నీకు కోపం వస్తది, సెయ్యి అటెల్తాది. తీయక్కర్నేదు. అటెల్తే సాలు. అది సూసేక మళ్ళీ నీ ఎదర నిలబడి అరవలేను. అందుకే నోరు మూసుకున్నాను."

గణపతిరావు గానుగ వైపు చూశాడు. ఊరంతా నోరు మూసుకున్నప్పుడు మర్యాద అనుకున్నాడు. తమ్ముడు నోరు మూసుకున్నప్పుడు మాత్రం పెనం మాడింది. చెమటతో తడిసిన చొక్కా కింద అది ఇంకా పొడుస్తూనే ఉంది.

ఆయన గానుగ దగ్గరికి వెళ్ళలేదు. మోటారు సైకిల్ తీసి ఊళ్ళోకి పోయాడు. లైసెన్సున్న ఆయుధాన్ని కావాలంటే పోలీసు స్టేషన్లో అప్పజెప్పి అక్కడే ఉంచవచ్చని ఆయనకి తర్ఫీదులోనే చెప్పారు. స్టేషన్లో రైటరు తూటాలు వేరు చేయించి, కాగితం రాసిచ్చి, "ఊరికి వెళ్తున్నారా?" అని అడిగాడు.

"నేదు బాబూ, ఊళ్ళోనే ఉంటాను. గానుగాడుతున్నాం," అన్నాడు గణపతిరావు. రైటరుకి ఆ రెండింటికీ సంబంధం ఏమిటో అర్థం కాలేదు. గణపతిరావు విడమరచి చెప్పనూ లేదు.

తిరిగొచ్చేసరికి రెండో పెనం పొయ్యెక్కి ఉంది. ఆయన చొక్కా విప్పి కంప మీద పడేసి, తువ్వాలు చుట్టుకుని, తిప్పేవాడి చేతిలోంచి తెడ్డు అందుకున్నాడు. నడుం ఒరుసుకుపోయి ఎర్రగా కందింది. హరిబాబు ఆ మచ్చ వంక చూశాడు.

పాకం చిక్కబడింది. రంగు తిరిగింది. గణపతిరావు తల వంచుకుని తిప్పుతున్నాడు గాని ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. ఎదుట నుంచి మాట లేదు. ఇప్పుడు దించెయ్యొచ్చు. తనంతట తను దించేస్తే ఈ పెనం దక్కుతుంది. కాని తమ్ముడు మాత్రం ఇక ఎప్పటికీ "నీ ఇష్టం అన్నియ్యా" అనే మర్యాదస్తుడిగానే మిగిలిపోతాడు. ఆయన పళ్ళు బిగించి తిప్పుతూనే ఉన్నాడు. రెండో పెనం కూడా మాడితే మాడనీ.

"దించు," అన్నాడు హరిబాబు.

"ఇంకొంచెం ఉండనీరా." గణపతిరావు తలెత్తకుండానే అన్నాడు.

"దించమంటన్నానా. కళ్ళు కనిపిస్తన్నాయా నీకు? పొద్దున్న ఒకటి బొగ్గు సేసినావు, అది సాల్నేదా?"

"ఎవడ్రా బొగ్గు సేసింది? నాకు సెప్పేవోడివయ్యేవా నువ్వు?" అని గణపతిరావు గానుగ దద్దరిల్లేలా అరిచాడు. అరుస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ఊపులో చెయ్యి తనకు తెలియకుండానే నడుం మీదికి పోయింది. తడి తువ్వాలు తప్ప అక్కడేమీ లేదు.

హరిబాబు ఆ చెయ్యి చూశాడు.

"అక్కడేటి ఎతుకుతన్నావు? పెనం అట్టుకో," అన్నాడు.

ఇద్దరూ చెరో పక్కా పట్టి దించారు.