గీటునకు జానెడు దూరము

వర్షర్తువు మూటముల్లె కట్టుకొని తరలిపోగా నిర్మలగగనతలమున మేఘశకలములు ఏకిన దూదివలె తేలుచుండ నదీసైకతముల రెల్లుపూలు విరబూసి సాయంతనమందమారుతమునకు తలలూపుచుండ రత్నగుర్తి సంస్థానాధీశ్వరుని కోటవెనుక ఇసుక పరచిన చెడుగుడు బరిచుట్టును పురజనులు క్రిక్కిరిసి నిలిచియుండిరి. ఆనాడు తేలవలసిన విషయ మొక్కటియే. సంస్థానపు జట్టున చిరకాలముగా ప్రధానక్రీడాకారుడై వెలుగొందు గరుడాద్రి నాయనికి దెబ్బ తగిలినప్పుడు మారుగా దిగుటకై జీతమిచ్చి నిలుపుకొన్న ఓబులేశుడను యువకుని ఒడంబడిక విజయదశమితో ముగియనుండెను. దానిని పొడిగించుటయో మానుటయో ప్రభువు నిర్ణయింపవలెను. ఓబులేశునికి వేరు బ్రతుకుదెరువు లేదు.

గడచిన యేట మోకాలు బెణికి నాయడు గట్టుపై కూర్చుండియుండగా వానికి మారుగా దిగిన యీ ఓబులేశుడు పొరుగు సంస్థానమువారి నోడించెను. జనులు వానిని భుజములపై మోసికొని యూరేగించిరి. నాటినుండియు నాయని కడుపులో కుంపటి రగులుచునేయుండెను. మోకాటినొప్పి మానెను గాని ఆ మంట మానలేదు. తాడిని తన్నువాడుండిన వాని తలదన్నువా డుండునను సామెతను కుర్రవాండ్రకు పలుమారులు బోధించినవాడే యైనను అది తన తలమీదికి వచ్చునప్పటికి మింగుడుపడలేదు.

దివాను సందేహించుచు “ప్రభూ! ఆపద్ధర్మముగా నుంచుకొన్నవానికి ఏడాది పొడుగున జీతమేల? వీడాడిన యాటలు వ్రేళ్లపై లెక్కింపదగును” అని విన్నవించెను.

“ఆడినవానిలో ఓడినది లేదు గదా. నేడు వీనిని ఒంటిగా ఏడుగురిపై విడిచి చూతము. నాయడా! నీవు నడిమిగీటుచెంత నిలిచి కూత వినుము. నీ చెవియే మాకు ప్రమాణము” అని ప్రభు వానతిచ్చెను.

ఒక్క యూపిరితో చెడుగుడు చెడుగుడని తెంపులేక పలుకుచు పోయి ప్రత్యర్థుల నంటి తిరిగి గీటు చేరవలెను. నడుమ ఊపిరి తీసినచో ఓటమియే. ఓబులేశుడు మన్ను కన్నుల కద్దుకొని వెడలి మువ్వురి నంటి మరలునంతలో తక్కిన నలుగురును మీదపడి వాని చీలమండలను నడుమును బిగబట్టిరి. వాడు బోర్లపడియు నలువురి బరువును ఈడ్చుకొనుచు ఇసుకపై అంగుళమంగుళముగా ప్రాకుచుండెను. జనుల కోలాహలమునను పట్టినవారి కేకలలోను ఆ కూత ఎవరికిని వినరాదయ్యెను. వంగి నిలిచిన నాయనికి మాత్రము వినబడెను. అది నూలుపోగంత సన్నగిల్లెను గాని వాని వ్రేళ్లు గీటు నంటువరకు తెగలేదు.

ఇట్టి యూపిరి తనకు నిండుయౌవనమునందును లేదని నాయనికి ఆ క్షణమున తెలిసెను. అది తెలియుటయే వానికి భరింపరానిదయ్యెను.

“కూత తెగినది” అని పలికెను.

“ఎచ్చట?” అని ప్రభువు ప్రశ్నించెను.

“గీటునకు జానెడు దూరమున.”

ఓబులేశుడు వాదించునని తలచి నాయడు మారుమాటలను సిద్ధపరచుకొనియుండెను. వాడు ఇసుక నిండిన మోముతో లేచి “ప్రభూ! చెవులు హోరెత్తి నా కూత నాకే వినబడలేదు. అన్న వినినదే నిజము” అని చేతులు మోడ్చెను. పిదప నాయని పాదములంటి “జానెడే గదా అన్నా. అభ్యసించెదను” అని కన్నులు తుడుచుకొనుచు వెడలిపోయెను. ఒడంబడిక పొడిగింపబడలేదు. కంటిలోని నలుసు తొలగెనని నాయడు ఆ పూట రెండుమారులు వడ్డించుకొని భుజించెను.

మరునాటి యరుణోదయమున నాయడు స్నానార్థము ఏటికి పోవునప్పటికి ఆవలియొడ్డున రెల్లుదుబ్బుల నడుమనుండి కూత వినవచ్చెను. ఓబులేశుడు ఇసుకలో గీటు గీచి కాళ్లకు మోకుతో తాటిమొద్దు కట్టుకొని ఈడ్చుకొనుచు దానివైపు ప్రాకుచుండెను. గీటు చేరియు ఆగక ముందునకే సాగుచుండెను. తనకు లేదన్న జానెడును సంపాదించుటకై వాడు బారెడు దాటినను కూత మానలేదు.

నడుములోతు నీట నిలిచిన నాయడు తనకు తెలియకయే ఊపిరి బిగబట్టి ఆ కూతతోపాటు పెదవులు కదల్ప మొదలిడెను. ఆ యేటిగట్టున వినువాడు గాని తీర్పు చెప్పువాడు గాని మరియొకడు లేడు. కొంతసేపటికి వాని గుండె లదరెను. కన్నులకు చీకట్లు క్రమ్మెను. ఇంకొక్క క్షణ మింకొక్క క్షణమని పంతముపట్టి నిలిచి తుదకు నోరు తెరచి గాలి మింగెను.

ఆవలియొడ్డున కూత ఇంకను తెగలేదు.