కడిగినట్టున్న రాళ్లు

ఆదివారం లోపల నెస్తా చేయవలసిన పనులు ఇవి. మందుల షాపులో ఆక్సిజన్ సిలిండరు మార్పించుకు రావాలి. నాన్న రబ్బరు బూట్లలో ఎడమదానికి మడమ దగ్గర పడ్డ చిల్లికి అతుకు వేయాలి. కొక్కేనికి ఈకా దారం చుట్టి చేసిన ఎర ఈగల్ని గాలం దారానికి ముందే ముడివేసి ఉంచాలి, ఆయన కళ్లకి ఇప్పుడు ముడి ఆనదు. మడత కుర్చీ, కంబళి, ఫ్లాస్కులో టీ. కోడిగుడ్డు పెట్టిన రొట్టె. ఇవోర్ బాబాయిని అడిగి సీటు ఎత్తుగా ఉండే ఆయన కారు తెచ్చుకోవాలి, ఎందుకో చెప్పకూడదు. నదిలో చాపెల్ మడుగుకి వెళ్తున్నట్టు చేపల క్లబ్బులో ఎవరి చెవినా పడకూడదు. అన్నిటికంటే ముందు నాన్నని ఒప్పించాలి. అది మాత్రం మిగతావన్నీ అయ్యాక చూద్దామని వాయిదా వేస్తూ వచ్చింది.

చాపెల్ మడుగు దగ్గర దిగకూడదన్న నియమం పెట్టిందే వాళ్ల నాన్న మోస్టిన్. అక్టోబరు వచ్చిందంటే వంతెనకి ఎగువన ఎవరూ నీళ్లలో కాలు పెట్టకూడదు. బోర్డు మీద అక్షరాలు కూడా ఆయనే రాశాడు. ఆకురాలే కాలంలో ట్రౌట్ చేప తోకతో గులకరాళ్లు తవ్వి, ఆ గుంటలో గుడ్లు పెట్టి, మళ్లీ ఆ రాళ్లతోనే కప్పేస్తుంది. తిరగబడ్డ రాళ్లకి నాచు వదిలిపోయి కడిగినట్టు తెల్లగా కనబడతాయి. చుట్టూ రాళ్లన్నీ జిడ్డుగా జారుతుంటే, ఆ ఒక్క చోటే అడుగు వేయడానికి అనువుగా తోస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ మోస్టిన్ ఒకటే చెప్పేవాడు. "రా రమ్మని పిలుస్తుంది. వెళ్లావో, ఒక వంశం నీ బూటు కింద పోయినట్టే."

బొగ్గు గని మూసేసిన ఏడాది మా లోయలో మగవాళ్లకి పని పోయింది. ఆ తరవాత నదికి ప్రాణం పోయింది. గని లోపల నిండిన నీళ్లు పాత సొరంగంలోంచి బయటపడి టారెన్ నది అడుగునంతా తుప్పు పూశాయి. నారింజ రంగు. బట్ట ముంచితే బట్ట పాడయ్యేది. తవ్విందీ మనమే, కడగాల్సిందీ మనమే అని మోస్టిన్ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఉత్తరాలు నెస్తా రాసేది. వాళ్ల వీధిలో కాలేజీ చదువు చదివిన మొదటి పిల్ల ఆమె. చదివిన చదువంతా నాన్న అర్జీలకే సరిపోయిందని ఇవోర్ ఎకసెక్కం చేసేవాడు. చివరికి చెరువులు తవ్వారు, రెల్లు నాటారు. గని నీళ్లు వాటిలో నిలిచి, తుప్పు వదిలి, తేరుకుని నదిలోకి వచ్చేవి. రాళ్లు బయటపడ్డాయి. పురుగులు వచ్చాయి. కింది నదిలోంచి గ్రేలింగ్ చేపలు ఎక్కొచ్చాయి, వీపు మీద జెండాలా రెక్క ఎత్తుకుని.

కానీ ట్రౌట్ గుడ్లు పెట్టిన గూడు ఒక్కటి కూడా లేదు. ప్రతి శరత్తులో వచ్చి నదిని పరీక్ష చేసే లోరి అనే అమ్మాయి క్లబ్బు సమావేశంలో ఉన్నమాట చెప్పేసింది. పెద్ద చేపలు వచ్చి పోతున్నాయి, ఇక్కడ పిల్లల్ని పెట్టడం లేదు, ఈ నది వాటికి సత్రమే గాని ఇల్లు కాలేదని. మిగిలిన సభ్యులు ముసలి పళ్లలా ఒక్కొక్కరే రాలిపోతున్నారు. ఈ శరత్తులోనూ గూడు కనబడకపోతే నది బాగోగులు వదిలేద్దామని చేతులెత్తారు. మోస్టిన్ ఎత్తలేదు. ఎత్తడానికి ఊపిరి కూడా చాలలేదు. బొగ్గు దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఎప్పుడో కాపురం పెట్టింది. ఈ చలికాలం గట్టెక్కడం అనుమానమేనని డాక్టరు నెస్తాతో విడిగా చెప్పాడు.

ఇన్నేళ్లలో మోస్టిన్ ఈ నదిలో గాలం వేయలేదు. ముందు దాన్ని కోలుకోనివ్వండి అనేవాడు. కింద మడుగులకి దిగాలంటే నిట్టనిలువు గట్లు. కారు నీటిదాకా వెళ్లేది చాపెల్ మడుగు ఒక్కదానికే.

శనివారం టీ తాగుతుండగా నెస్తా విషయం కదిపింది. గ్రేలింగ్‌కి ఇదే అదును, ఒక్క చేప పట్టి వదిలేసి వచ్చేద్దాం అంది.

"నియమం నాది," అన్నాడు మోస్టిన్.

"నీదే గనక ఒక్క పూట పక్కన పెట్టు."

"గనిలో కప్పు కూలేది సరిగ్గా ఇలా అనేవాళ్ల వల్లే, అమ్మాయ్."

"అక్కడ కాపాడ్డానికి ఏముంది నాన్నా? పోయిన వారమే లోరి మడుగంతా గాలించింది. ఏమీ లేదు."

ఆయన టీ కప్పు కింద పెట్టి కిటికీవైపు తిరిగాడు. అయితే సరే అన్నాడు. నాన్న ఒప్పుకున్నాడని నెస్తా సంబరపడింది. ఒప్పుకోవడానికీ ఆశ వదులుకోవడానికీ తేడా ఆమెకి ఆ తరవాత గాని తెలియలేదు.

పొద్దున కారు తాళాలిస్తూ ఇవోర్ గేటు దగ్గర్నుంచి మోస్టిన్‌ని ఎగాదిగా చూశాడు. "ఎవర్రా ఆ విధవరాలు? గడ్డం గీసుకున్నావు."

"మీ ఆవిడేరా. నువ్వు పోయేదాకా ఆగలేనంటోంది," అన్నాడు మోస్టిన్. ఆ ఒక్క మాటకే రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

మడుగు దగ్గరికి చేరేసరికి ఎండ గట్టు దిగి నీళ్లమీదికి వచ్చింది. రాత్రి మంచుకి నీళ్లు తగ్గి గాజులా తేటగా ఉన్నాయి. బిర్చి ఆకులు పసుపుపచ్చగా తేలిపోతున్నాయి. తెల్లటి సన్న ఈగలు నీళ్లలోంచి లేస్తుంటే, మడుగు దిగువ కొసన గ్రేలింగ్‌లు పైకొచ్చి వాటిని అందుకుంటున్నాయి. వాన మొదలైనప్పుడు పడే చినుకుల్లా చిన్న చిన్న వలయాలు. మోస్టిన్‌కి వలయాలు కనబడవు. తల పక్కకి వంచి ఆ చప్పుడు వింటున్నాడు. ఆ కాసేపూ ఆయన మొహం చూస్తే ఎవరికీ జబ్బు గుర్తు రాదు.

కుర్చీలోంచి గాలం విసిరితే చేపల దాకా అందలేదు. ఆకులే చిక్కుకుంటున్నాయి. రెండడుగులు లోపలికి దిగితే చాలన్నాడు. ముక్కు దగ్గరి గొట్టం తీసి కుర్చీకి తగిలించాడు. నెస్తా వెనకనుంచి ఆయన బెల్టు పట్టుకుని తనూ దిగింది. రాళ్లు జారుతున్నాయి. ఆయన కాళ్లు వణుకుతున్నాయి. ఆమె మనసంతా ఆ కాళ్ల మీదే ఉంది. పడకూడదు, ఇక్కడ పడితే తను లేపలేదు. ముందు ఎక్కడ గట్టిగా ఉందా అని వెతికింది. ఎండ మెరుపులో, మోకాలి లోతులో, చాపంత మేర శుభ్రంగా కనబడింది.

"ఇటు నాన్నా. ఇక్కడ జారదు, ఇటు రా."

ఆయన అటు అడుగు వేశాడు. రెండో అడుగు కూడా వేశాడు. ఈగని విసిరాడు, అది తేలుతూ వెళ్లింది, చేప అందుకుంది. గాలం కర్ర వంగింది. మోస్టిన్ నవ్వాడు. నెస్తా కూడా నవ్వింది.

చేప కింది వైపుకి గుంజితే ఆయన బరువు కాలి మీదికి మారింది. కాలు దిగబడింది. నది అడుగు గట్టిగా ఉండాలి. ఇది కొత్తగా తవ్విన తోటమడిలా గుల్లగా ఉంది. ఆయన నవ్వు ఆగిపోయింది. కర్ర దించేశాడు. దారం వదులై చేప పోయింది.

"నెస్తా, మనం దేనిమీద నించున్నాం?"

ఆమె అప్పుడు చూసింది. ఆయన బూటు పక్కనుంచి ఒకటీ ఒకటీ పైకి లేస్తున్నాయి. బఠానీ గింజలంత గుడ్లు, గుండ్రంగా, వెలుగు దూరేలా. నారింజ రంగు. ఏ రంగుని ఈ నదిలోంచి పోగొట్టాలని ఆయన సగం జీవితం ధారపోశాడో, ఆ రంగే. అవి వరసగా కొట్టుకుపోతుంటే మడుగు దిగువ కొసన గ్రేలింగ్‌లు తీరిగ్గా మింగుతున్నాయి.

నెస్తా ఆయన బెల్టుని రెండో చేత్తో కూడా పట్టుకుంది. ఆ పట్టుతోనే ఆయనకి అర్థమైపోయింది.

"కదలకు," అన్నాడు. "తొక్కినచోటే తొక్కుతూ వెనక్కి పోదాం. ఎంతసేపైనా సరే."

ఊపిరి అందక పెదాలు నీలమవుతున్నా ఆయన తొందరపడలేదు. కాలెత్తి, వెనక పాత అడుగు ఎక్కడుందో బూటు కొసతో తడుముకుని, అందులోనే దించేవాడు. ఆమె ఏడుస్తూ దారి చెప్పింది. గట్టెక్కాక ఆయనకి టీ పోసిస్తే తాగలేదు. గొట్టం పెట్టుకున్నాక, అంటే వచ్చిందన్నమాట అన్నాడు. ఆ వచ్చింది చేప కాదనీ, ఇన్నేళ్లుగా ఆయన ఎదురుచూసిన గూడనీ నెస్తాకి తెలుసు. తనే అటు రమ్మన్నానని మొదలుపెట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తొక్కింది నేను. క్లబ్బులో అలాగే చెప్పు. లోరికీ అలాగే చెప్పు. మంచి మాట ఏదీ కలపొద్దు."

నెస్తా ఆ సాయంత్రమే చెప్పింది. లోరి మర్నాడు వచ్చి చూసి, పెట్టి వారమైనా తిరగని గూడు అంది. వంతెనకి ఎగువన ఇన్నేళ్లకి ఇదే మొదటిది. మరొకటి ఎక్కడా దొరకలేదు. లోతున కొన్ని గుడ్లు మిగిలి ఉండొచ్చని చుట్టూ కర్రలు పాతింది. క్లబ్బు వాళ్లు వసంతం దాకా ఆగుదామన్నారు. ఇవోర్ వచ్చి మోస్టిన్ మంచం పక్కన కూర్చుని, నదిలో దిగకుండా కూర్చున్న మేమే ఏం ఉద్ధరించాంరా అని ఏదో అనబోయాడు. మోస్టిన్ గోడవైపు తిరిగాడు.

ఆ రోజు ఎక్కిన చలి ఆయన ఛాతీలోంచి దిగలేదు. నవంబరులో, రెల్లు చెరువులు పొంగిన వానల్లో పోయాడు. శవపేటిక వంతెన దాటుతుంటే కింద నది మళ్లీ నారింజ రంగులో పారుతోంది. లోరి పాతిన కర్రలు కొట్టుకుపోయాయి. మార్చిలో ఆమె వల పట్టుకుని రెండు రోజులు వెతికింది. పిల్లచేప ఒక్కటి కూడా దొరకలేదు. క్లబ్బు నదిని వదిలేసింది.

బోర్డు మాత్రం అలాగే ఉంది. సగం అక్షరాలు రాలిపోయాయి. నెస్తా పాఠాలు చెప్పడానికి బడికి వెళ్తూ ఆ దారినే పోతుంది, కారు ఆపదు.

మీరెప్పుడైనా, ఏ దేశంలోనైనా, ఆకురాలే కాలంలో నదిలో దిగాల్సి వస్తే, నాచు రాళ్ల మధ్య కడిగినట్టున్న రాళ్లు ఒక చాపంత మేర కనబడితే, చుట్టూ తిరిగి వెళ్లండి. వెళ్తూ వెళ్తూ మోస్టిన్ ప్రోసర్‌ని ఒక్కసారి తలుచుకోండి. తొక్కినవాడిగానే తలుచుకోండి, ఆయన కోరింది అదే.