ఉత్తినే ఎగిరిన జెండా

నేను ఒక ఎర్రజెండాను. పార్టీ జెండాను కాను, రైలు గార్డు చంకలో ఉండేదాన్నీ కాను. సైన్యంవాళ్ళ దర్జీ నన్ను దళసరి గుడ్డతో, అంచులకు రెండేసి వరసలు కుట్టి తయారుచేశాడు. పుట్టుకతోనే ప్రభుత్వోద్యోగినన్నమాట. ఆ గర్వం కొన్నాళ్ళు బాగానే వెలగబెట్టాను.

మా ఉత్తరాంధ్ర తీరం పొడుగునా రకరకాల స్థావరాలున్నాయి. రేవులో యుద్ధనౌకలు సముద్రాన్ని కాస్తాయి. కొండమీది రాడారు వచ్చేదెవరో ముందే కనిపెడుతుంది. విమానాలవాళ్ళు నడిసముద్రం దాకా పోయి చూసివస్తారు. మాది ఇసుకదిబ్బల్లో చిన్న స్థావరం. ఇక్కడ ఫిరంగులను సముద్రంమీదికి పేల్చి గురి నేర్చుకుంటారు. కాల్పులున్న రోజు నేను స్తంభమెక్కాలి, లేని రోజు దిగాలి. నన్ను ఎక్కించి దించే సిపాయి దావీదు, గుంటూరు వైపు మనిషి. మా పక్కనే జాలరిపేట. పొద్దున్నే లేచి వాళ్ళు సముద్రంకన్నా ముందు నన్ను చూసేవారు. నేను పైనుంటే ఒక్క పడవా కదిలేది కాదు. అంత నమ్మకం నేనంటే!

ఒకసారి పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. మైదానం కళకళలాడాలట. ఉన్న జెండాలన్నీ ఎగరేయమన్నారు, నన్ను కూడా. కాల్పులూ లేవు, పాడూ లేవు. అలంకారానికి ఎక్కించారు నన్ను! ఆఫీసరు ఇవాళ కాదు రేపన్నాడు, రేపు కాస్తా ఎల్లుండయింది. నన్ను దించే నాథుడు లేడు. సరిగ్గా అప్పుడే కానాగంత చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డుకొచ్చాయి. పేటవాళ్ళు నావంక చూస్తూ ఇసుకలో చతికిలపడ్డారు.

దానయ్య అనే జాలరి భార్య పోలమ్మ గేటు దగ్గరికొచ్చింది.

“బాబూ, ఫిరంగి మోత ఒక్కటీ ఇనబడ్డంనేదు. మరా గుడ్డ దించరేటి? పిల్లలకి గంజి కూడా నేదు.”

“నా చేతిలో ఏముందమ్మా? పైనుంచి ఆర్డరు రావాల,” అన్నాడు దావీదు, ఆమె మొహం చూడలేక.

మర్నాడు దానయ్య పడవ నీళ్ళలోకి తోశాడు. “పేలని జెండాకి బయమేటే?” అని పోలమ్మను చూసి నవ్వాడు. పడవ నిండా చేపలతో తిరిగొచ్చాడు. ఆ పైరోజూ వెళ్ళాడు. నేను ఎగురుతూనే ఉన్నాను, సిగ్గులేకుండా.

చివరికి తనిఖీ జరిగింది. ఆఫీసరు ముందు ఘనంగా ఉండాలని ఆ పొద్దున ఫిరంగులు నిజంగానే పేల్చడానికి సిద్ధంచేశారు. అదే స్తంభం, అదే నేను, అదే ఎగరడం. దానయ్య నన్ను చూసి, ఎప్పటిలాగే నవ్వి, వెళ్ళాడు. ఓరి దేవుడా, ఈ ఒక్క రోజుకైనా నన్ను నమ్మరా నాయనా అని ఎంత రెపరెపలాడినా నాకు వేరే భాష ఏదీ? దావీదు పడవను చూసి “ఆపండి, ఆపండి” అని అరుస్తూ పరుగెత్తాడు. అప్పటికే మొదటి గుండు వెళ్ళిపోయింది. సాయంత్రానికి పడవ చెక్కలు ఒడ్డుకొచ్చాయి, ఆ తర్వాత దానయ్య.

విచారణ పెట్టారు. నన్ను బల్లమీద పరిచారు. దావీదును అడిగింది ఒక్కటే ప్రశ్న: “ప్రమాదం జరిగిన రోజు జెండా ఎగిరిందా?”

“ఎగిరింది సార్.”

అంతే, స్థావరం తప్పేమీ లేదని తేలిపోయింది. హెచ్చరిక ఉన్నా లెక్కచెయ్యనందుకు తప్పంతా పోయినవాడిదేనట. అంతకుముందు ఉత్తినే ఎగిరిన రోజుల గురించి ఒక్కరూ అడగలేదు. దావీదు నోరు తెరవబోయి, పక్కనున్న ఆఫీసర్లను చూసి మూసుకున్నాడు. మనుషులు నిజాన్ని ఎంత పొదుపుగా వాడతారో ఆ రోజు చూశాను. వాళ్ళకు లేని సిగ్గు ఒక గుడ్డపీలికకు చుట్టుకుంది. ఇప్పుడు ఈ బీరువాలో మడతల్లో పడి ఉన్నా అది నన్ను వదల్లేదు.

ఆ రోజు నన్ను భుజాన వేసుకుని దావీదు బయటికి వచ్చేసరికి వరండాలో పోలమ్మ కూర్చుని ఉంది. వాడు ఆమె ముందు నిలబడి తల దించుకున్నాడు.

“అమ్మా, నేను అబద్ధం చెప్పలేదు.”

“నేదు బాబూ. నిజమే సెప్పినావు,” అంది పోలమ్మ.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె లేచి, కొంగు దులుపుకుని, పేటవైపు వెళ్ళిపోయింది.