లెక్కల్లో పద్దెనిమిది

నిరుటి దాకా లెక్కల్లో తొంభైకి తగ్గని పిల్లకి ఈసారి పద్దెనిమిది వచ్చాయి. మార్కుల కాగితం రాగానే ఇంట్లో పంచాయితీ మొదలైంది.

"మా వంశంలో లెక్కలు రానివాళ్ళెవరూ లేరు. అంతా తల్లి పోలిక!" అంది నాయనమ్మ, దర్జీ పని చేసే కోడలి వైపు ఓరగా చూస్తూ.

"పోలికా లేదు, పాడూ లేదు. చెప్పేవాళ్ళు సరిగ్గా లేరు. బడి మార్చేద్దాం," అన్నాడు బస్సు నడిపే తండ్రి.

క్లాసు టీచరేమో దర్జీని పిలిచి, "ఇంట్లో ఎవరైనా పట్టించుకుంటున్నారా అమ్మా?" అని అడిగింది. ఆ మాటకి దర్జీ ప్రాణం చివుక్కుమంది. ఉన్నవి రెండు గదులు, పొద్దస్తమానం మిషను చప్పుడు. తప్పు తనదేననుకుంది.

ఆ శనివారం ఒకావిడ గౌను కుట్టించుకోవడానికి వచ్చింది. దర్జీ కొలతలు చెబుతుంటే కూతురు రాస్తోంది. తరవాత చూస్తే చేయి పదిహేడుకి పదిహేను, నడుము ముప్పై ఆరుకి ముప్పై. కోపం నషాళానికంటింది. కానీ ఎదురుగా నిలబడి చెప్పిన కొలతల్లో ఒక్క తప్పూ లేదు. వెనక్కి తిరిగి చెప్పినవే తప్పాయి.

దర్జీ పిల్ల వెనక చేరి మెల్లగా, "ఐస్‌క్రీం తిందామా?" అంది.

పిల్ల ఉలకలేదు, పలకలేదు.

"ఎన్నాళ్ళనుంచే ఇలా?" ముందుకొచ్చి అడిగింది దర్జీ.

"అప్పుడు జలుబు చేసింది కదా, అప్పట్నుంచి. లెక్కల సారు బోర్డు వైపు తిరిగి చెబుతారు. మళ్ళీ అడిగితే అందరూ నవ్వుతారని..."

డాక్టరు రెండు చెవులూ చూశాడు. "లోపల నీరు చేరింది. తగ్గిపోతుంది, భయం లేదు," అన్నాడు. దర్జీ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

తరవాతి పరీక్షలో లెక్కలకి ఎనభై ఒకటి వచ్చాయి. "చెప్పానా, మా పోలికేనని!" అంది నాయనమ్మ. చరిత్రలో మాత్రం ఇరవై రెండే.

"ఇదీ చెవి వల్లేనా?" అంది దర్జీ.

పిల్ల తల దించుకుంది. "కాదమ్మా. చదవలేదు."

ఎన్నాళ్ళకో దర్జీకి హాయిగా తిట్టే అవకాశం దొరికింది. కరువుతీరా తిట్టి, మిషను ఆపి, "ఏదీ, మొదటి పాఠం తియ్యి," అంది.