మిగిలిన రాయి

దొన్నెమడుగు దారిలో గైడు చెంగల్రాయుడు నడుస్తున్నాడు, నడిచేకొద్దీ ఆ దారి పైకి పోతోందో కిందికి పోతోందో తేలడం లేదు, శేషాచలం కొండ కాసేపు అడవిలా ఉండి కాసేపు కాళ్ల కింద బస్సులా కుదుపుతోంది, అయినా అతనికి అందులో వింతేమీ తోచదు. ముందు పోతున్న పట్నం జనాన్ని చూస్తేనే ఒళ్లు మండుతోంది. నేషనల్ పార్కులో ఎనిమిది కిలోమీటర్లు కొండెక్కి వచ్చి, కళ్లెదుట అంత చల్లటి నీళ్లు పెట్టుకుని, ఫోన్లో తమ మొహాలు చూసుకునే రకం. ఈత ముక్క రాదు గానీ ఈతకని వేరే చెప్పులు, వేరే టోపీ, వేరే సంచీ.

మడుగు పక్కన బండమీద అతని మేనమామ గురవప్ప కూర్చుని ఉన్నాడు. చనిపోయి రెండేళ్లయిన మనిషి, నిన్ననే కలిసినట్టు నీళ్లలో కాళ్లాడిస్తున్నాడు. కళ్లకు ఎవరివో నల్ల కూలింగ్ గ్లాసులు, అవీ తలకిందులుగా.

"ఏం రా అల్లుడా, ఈతూరి గూడా గొర్రెల్నే తోలుకొస్తివా?"

"గొర్రెలు నయం మామా, చెప్తే ఇంటాయి."

ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకుంటారు. సెంటు పూసుకుని మడుగులో దిగినవాణ్ణి, స్నానమయ్యాక కడుక్కోవడానికి కుళాయి ఎక్కడని అడిగినామెను, చేపలు కరుస్తాయా అని ఊరి నుంచే ఫోన్ చేసినవాణ్ణి వరసగా తలచుకుని ఏకిపారేస్తారు. వీళ్లను నమ్మలేకే గురవప్ప ఒక పద్ధతి పెట్టాడు. నీళ్లలో దిగే ప్రతి మనిషీ బండమీద ఒక గులకరాయి పెట్టాలి, పైకొచ్చాక ఎవరి రాయి వాళ్లు తీసెయ్యాలి, రాయి మిగిలిందంటే మనిషి ఇంకా నీళ్లలో ఉన్నట్టే. తను మాత్రం నలభై ఏళ్ల గైడు పనిలో ఎన్నడూ రాయి పెట్టలేదు. గైడుకు రాయేంటని చీదరించుకునేవాడు.

నవ్వుతూనే గురవప్ప బండను అరచేత్తో తడుముతున్నాడు, తడిమేకొద్దీ బండ పొడుగ్గా సాగిపోతోంది, చెట్లు దూరంగా జరిగిపోతున్నాయి, జనం మాటలు వినబడడం మానేశాయి.

"నా రాయి యాడ రా?"

చెంగల్రాయుడు పెళ్లానికి కూడా చెప్పని మాట అది. చెప్పేస్తే మనసు తేలికపడుతుందేమో, మామ పోనీలే అంటాడేమోనన్న ఆశతో మొదలుపెడతాడు. రెండేళ్ల కిందట ఆ రోజు అందరూ పైకొచ్చి బట్టలు మార్చుకుంటున్నారు, బస్సు పోతుందని గోల, బండమీద ఒక్క రాయి మిగిలి ఉంది. ఏ దద్దమ్మో తీయడం మరిచాడు, ఈ జనానికి ఈ పాటి పని కూడా చేతకాదు అనుకుని కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది నీళ్లలో పడింది. మామ ముందే కొండ దిగిపోయి ఉంటాడని జనాన్ని తోలుకుని వచ్చేశాడు. మరునాడు నీటి అడుగున బండల సందులో ఇరుక్కుని దొరికాడు గురవప్ప, ఎవడో జారవిడిచిన కూలింగ్ గ్లాసులు గుప్పిట్లో పట్టుకుని.

"అది నీ రాయని నాకెట్ల తెలుస్తాది మామా? ఎప్పుడన్నా పెట్టినావా నువ్వు?"

గురవప్ప నవ్వడం ఆపేశాడు. ఇన్నాళ్లూ పట్నం వాళ్లను చూసిన చూపే ఇప్పుడు మేనల్లుడి మీద పడుతుంది, నల్లద్దాల వెనకనుంచి కూడా అది తగులుతుంది. మోకాలు పట్టు తప్పుతోందని, ఆ సంగతి వీడితో అనడానికి నామోషీ అనిపించి, ఆ ఒక్కరోజు గుట్టుగా రాయి పెట్టి దిగానంటాడు. ఊపిరి ఉన్నంతసేపూ పైన వీడి అడుగుల చప్పుడు వినబడుతూనే ఉందంటాడు.

"తన్నితే తన్నినావు. ఎవురిదని ఒక్క మాట అడిగినావా? వాళ్లకు బుద్ధి లేదు, సరే. నీకేమైంది రా?"

చెంగల్రాయుడు వంగి మామ కాళ్లు పట్టుకోబోతాడు, చేతికి నీళ్లే తగులుతున్నాయి, ఎంత తడిమినా నీళ్లే.

"అన్నా, పోదామా?"

ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. మిట్టమధ్యాహ్నం ఎండ మడుగు మీద మెరుస్తోంది. పదిమందిని నీళ్లలోకి వదిలి చెట్టుకు ఆనుకుని కునుకు తీసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వాళ్లంతా బట్టలు మార్చుకుని, సంచులు తగిలించుకుని నిలబడి ఉన్నారు. బండమీద ఒక గులకరాయి మిగిలి ఉంది.

"ఎవరో మర్చిపోయుంటారులే" అంటూ ఒకమ్మాయి షూతో దాన్ని పక్కకు నెట్టబోయింది.

"తాకొద్దమ్మా," అన్నాడు చెంగల్రాయుడు. "ఈ రాయి ఎవురిది?"

ఎవరికి వాళ్లు తమది తీసేశామన్నారు. తలలు లెక్కపెట్టాడు, పదీ ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు, పదే. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుండగా అతను చొక్కా విప్పి, ఇంకో గులకరాయి ఏరి తెచ్చి దాని పక్కన పెట్టి, నీళ్లలోకి దిగాడు.