సున్నం గోడ ఆరేదాకా

ఉదయం ఐదున్నరకి నర్సమ్మ, చెమ్మ తెలియడానికని రాత్రి గోడకి అంటించిన ప్లాస్టిక్ ముక్కని ఒక మూలనుంచి మెల్లగా ఊడదీస్తోంది. పుండు మీది పట్టీని నొప్పి తెలియకుండా తీసే చెయ్యి అది. గోడకి నొప్పేమిటని ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ. ముప్పై మూడేళ్ళు పెద్దాసుపత్రిలో పట్టీలు మార్చిన చెయ్యి ఈ వయసులో కొత్త పద్ధతి నేర్చుకోదు. ముక్కని వెలుతురుకి పెట్టి చూసింది. పొడిగా ఉంది. రెండో గోడ మీదిదీ పొడిగానే ఉంది, మూడోదీ అంతే. కిటికీ కింద అంటించిన నాలుగో ముక్క తీసేసరికి మాత్రం లోపలివైపు ఆవగింజలంత నీటిచుక్కలు కనిపించాయి.

నుదురు చూసినట్టు చేతి వెనకభాగం గోడకి ఆనించింది. చల్లగా తగిలింది. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. ఏం గోడవే తల్లీ నువ్వు, మా అక్క కంటే మొండిదానివి అనుకుంది. తలుపు వెనక వేలాడే అట్ట తీసి, దానిమీది కాగితంలో ఇరవై ఆరో వరసలో రాసింది: మూడు గోడలు ఆరినవి. కిటికీ కింద చెమ్మ ఉన్నది.

ఆ ఇంట్లో గదిగదికీ ఒక కేస్ షీటు ఉంది. నాలుగు నెలల కిందట అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి కొనుక్కుని, సామాను వేసుకుని వచ్చి దిగిన ఇల్లు. ఎనభై ఏళ్ళ నాటిది. చూసిన ప్రతివాడూ పడగొట్టి కట్టుకోమన్నాడు. అడిగినవాడూ అన్నాడు, అడగనివాడూ అన్నాడు. మంచం పట్టినవాళ్ళని లేపి నడిపించడమే తన ఉద్యోగమనీ, పూడ్చిపెట్టడం కాదనీ నర్సమ్మ అందరికీ ఒకటే సమాధానం చెప్పి, మర్నాడే అట్టలు కొనుక్కొచ్చి మేకులకి తగిలించింది. ఏ రోజు ఏ పని జరిగింది, ఏది నయమైంది, ఏది ముదిరింది, అన్నీ వాటిలో రాస్తుంది. వంటగది మొదటి నెలలోనే డిశ్చార్జ్ అయింది. స్నానాలగది రెండుసార్లు డిశ్చార్జ్ అయి, రెండుసార్లూ తిరిగొచ్చి చేరింది. వెనక వరండా కప్పు ఇంకా టార్పాలిన్ కట్టుతోనే ఉంది. ముసలి తాపీమేస్త్రీ ఈ వరస చూసి మొదట్లో బిత్తరపోయాడు కానీ, నెల తిరక్కుండా అతనే హాలుకి ఇవాళ కాస్త నెమ్మదిగా ఉందని కబురు చెప్పడం మొదలుపెట్టాడు.

షీటు లేనిది ఒక్క అక్కకే. జబ్బు బయటపడిన రోజే ఆమె ఖరాఖండిగా చెప్పేసింది, తన మంచానికి అట్ట కట్టావంటే చించి నోట్లో కుక్కుతానని. గోడలకి రాసుకోమంది, అవి ఏమీ అనుకోవు కాబట్టి. అందుకని మొన్నటినుంచి అక్క చీలమండలు వాచాయని నర్సమ్మ ఎక్కడా రాయలేదు. గోళ్ళు నీలం తిరుగుతున్నాయనీ, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందనీ రాయలేదు. రాయనంతమాత్రాన ఆ కళ్ళకి కనపడకుండా పోతుందా? ఎన్ని వందల మంచాల పక్కన నిలబడి చూసిన కళ్ళు అవి!

హాల్లో, ఇసుక బస్తాల పక్కన వేసిన మంచంమీద అక్క మేలుకునే ఉంది. నలభై రెండేళ్ళు కుట్టుపని షెడ్డులో చొక్కాలకి కాజాలు కుట్టిన మనిషి. షెడ్డులో అందరికీ కాజాలక్క. వీధిలో ఎవరెదురైనా ముందు మొహం చూడదు, గుండీలు చూస్తుంది. సూది ఒరుసుకుని బొటనవేలి మీద పప్పుబద్దంత కాయ కట్టింది. జబ్బు ఒళ్ళంతా కరిగించేసింది కానీ ఆ కాయ జోలికి మాత్రం పోలేకపోయింది.

"ఆరిందా?" అంది.

"కిటికీ కింద ఆరలేదు."

"మిగతా మూడూ?"

"ఆరాయి."

"నాలుగుకి మూడంటే పాసే కదే. నా జన్మలో ఎప్పుడొచ్చాయి నాకన్ని మార్కులు!"

నర్సమ్మకి నవ్వు రాలేదు. ఇవాళ ఆదివారం. నాలుగింటికి తమ్ముడు కారేసుకుని వస్తాడు. పోయిన ఆదివారమే తేల్చి చెప్పాడు: వారంలోగా గది సిద్ధమై పెద్దక్క అందులో పడుకుని ఉంటే సరే, ఇంకా ఈ దుమ్ములో హాల్లోనే ఉంటే మాత్రం ఎత్తుకునైనా తీసుకుపోతానని. తన ఫ్లాటుకీ, అక్కణ్ణించి ఆ పక్కనే ఉన్న కొత్త ఆసుపత్రికీ. గది అవదని అతనికి గట్టి నమ్మకం. ఆ ఆసుపత్రి గదుల్లో కిటికీలు తెరుచుకోవని అక్కకి తెలుసు. సొంత ఇంట్లో, సొంత గదిలో పోవాలన్నదే ఆమె పంతం. జీవితంలో ఇంకెవరినీ ఇంకేమీ అడగలేదు.

తమ్ముడు చెడ్డవాడైతే తలుపేసుకుంటే సరిపోయేది. మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. ఇద్దరక్కల చేతుల్లో పెరిగినవాడు, ఆ సంగతి ఒక్కరోజూ మరిచిపోనివాడు. అసలీ ఆలస్యమంతా అతని మంచితనం వల్లే వచ్చింది. మొదటి నెలలో, అక్కలకి శ్రమెందుకని, తనే ఒక కాంట్రాక్టరుని పంపాడు. ఆ వచ్చినవాళ్ళు అక్క గదికి మూడు రోజుల్లో అద్దంలా సిమెంటు పూసి, రంగేసి, ఫోటోలు తీసి తమ్ముడికి పంపి వెళ్ళిపోయారు. నెలన్నర తిరిగేసరికి గోడలకి ఉప్పు పూసింది, రంగు బొబ్బలెక్కింది. ఒక పొద్దున అక్క దిండు మీద అరచేయంత పెచ్చు పడి ఉంది. అప్పుడు వాకబు చేసి పట్టుకున్నారు ఈ మేస్త్రీని. డెబ్బై దాటాయి, సున్నం పని తెలిసినవాళ్ళలో మిగిలిన ఏ ఒకరిద్దరిలోనో ఒకడు. గోడని వేలితో తట్టి చూసి, పాత సున్నం గోడకి ఊపిరి ఆడాలనీ, దీనికెవరో ముక్కూ నోరూ మూసేశారనీ చెప్పాడు. సిమెంటంతా చెక్కి మళ్ళీ సున్నమే పూయాలి. పూశాక నెలరోజులు దాని మానాన దాన్ని ఆరనివ్వాలి.

ఆ మాటన్న వారానికే అక్క రిపోర్టులు వచ్చాయి. డాక్టరు నెలల ఊసెత్తలేదు, వారాలన్నాడు. సిమెంటే మళ్ళీ పూయిద్దాం, రెండు రోజుల్లో అయిపోతుంది అని తమ్ముడు బతిమాలాడు. నర్సమ్మ కూడా లోపల అదే అనుకుంది, ఒప్పుకోవడానికి సిగ్గెందుకు. అక్క మాత్రం మేస్త్రీ వైపు తిరిగి, "సున్నమే పుయ్యి. నేనాగుతా" అంది.

ఆగింది. ఇరవై ఆరు రోజులు ఆగింది.

పదింటికి మేస్త్రీ వచ్చాడు, ఆదివారమని కూడా చూడకుండా. కిటికీ కింద గోరుతో గీకి, ఇంకా రెండు రోజులు పడుతుందన్నాడు. బొగ్గుల కుంపటి పెట్టి ఆరబెడితే ఎలా ఉంటుందని నర్సమ్మ గొంతు తగ్గించి అడిగింది. ఆరుతుందన్నాడు. పైపైన ఆరి లోపల పచ్చిగానే ఉండిపోతుంది, ఏడాది తిరక్కుండా మళ్ళీ పెచ్చులూడుతుంది అన్నాడు. ఏడాదితో మా అక్కకేం పనయ్యా అన్న మాట నర్సమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

అక్క చెవులకి ఏ జబ్బూ లేదు. ఇద్దర్నీ పిలిచి, మంచం ఆ గదిలోకి మార్చమంది. ఆరిన గోడల వైపు పడుకుంటానంది.

"చెమ్మ గాలికి నీకు ఊపిరి ఆడదక్కా."

"ఇక్కడ పొడి గాలికి ఆడుతోందా ఏంటి?"

నర్సమ్మ గదిలోకి నడిచింది. ముప్పై మూడేళ్ళలో ఒక్క షీటులోనూ అబద్ధం రాయలేదు, ఇప్పుడూ రాయదలచుకోలేదు. తలుపు వెనక అట్ట తీసి, చెమ్మ ఉన్నదన్న వరస కిందే ఇంకో వరస రాసింది: సలహాకు విరుద్ధముగా, రోగి సొంత ఇష్టముపై గది మార్చడమైనది. రాసి సంతకం పెట్టింది. పెట్టాక ఏడుపూ నవ్వూ కలిసి ఒక్కసారే వచ్చాయి.

మంచం మేస్త్రీ, నర్సమ్మ మోశారు. అక్కని కూడా ఎత్తుకుంటామంటే ఒప్పుకోలేదు. చెల్లెలి భుజం పట్టుకుని, ఆరడుగులకోసారి ఆగుతూ నడిచింది. గుమ్మంలో నిలబడి గది నాలుగు మూలలా చూసింది. సున్నం తెలుపు కంటికి కొట్టదు. కాచిన పాలమీది మీగడలా కాస్త పచ్చగా, మెత్తగా ఉంటుంది. కిటికీలోంచి పడిన ఎండ దానిమీద కూడా మెత్తగానే పడింది. అక్క మంచంమీద కూర్చుని, ఆయాసం తగ్గేదాకా కళ్ళు మూసుకుని, తెరిచి, ఒక సుత్తీ మేకూ కావాలంది.

మేస్త్రీ గతుక్కుమన్నాడు. కొత్త సున్నానికి ఆరునెలల దాకా మేకు తగలనివ్వని మనిషి అతను.

పదకొండు అద్దె ఇళ్ళు మారారు ఆ అక్కాచెల్లెళ్ళు. ఒక ఇంట్లో రాత్రి ఎనిమిది తర్వాత నీళ్ళు వాడకూడదు. ఇంకో ఇంట్లో కుట్టుమిషను చప్పుడు పనికిరాదు. మూడో ఇంటాయన మెట్లమీద చెప్పులు కనిపిస్తే వీధిలోకి విసిరేసేవాడు. ఏ ఇంట్లో ఏ రూలు మారినా ఒకటి మాత్రం పదకొండు ఇళ్ళలోనూ మారలేదు: గోడకి మేకు కొట్టకూడదు. నాన్న ఫోటోని నలభై ఏళ్ళు బట్టల పెట్టె అడుగున పడుకోబెట్టారు. క్యాలెండరుని కిటికీ ఊచకి దారంతో కట్టారు. ఇంటివాళ్ళు అద్దెకోసం వచ్చినప్పుడల్లా ముందు గోడలు చూసేవాళ్ళు, తర్వాత మనుషుల్ని చూసేవాళ్ళు. అక్క నోరు మూసుకుని తల ఊపేది. నలభై ఏళ్ళు ఊపింది. ఆ ఊపిన మనిషికి ఇప్పుడు ఒళ్ళు మండింది.

ఇదంతా మేస్త్రీకి ఎవరూ చెప్పలేదు. ఆమె మొహం చూసి వెళ్ళి, తన సంచిలోంచి ఉన్నవాటిలో సన్నటి మేకు ఏరి తెచ్చాడు. తలవైపు గోడమీద, బాగా ఆరిన చోట, రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అక్క కూర్చునే సుత్తి ఎత్తింది. మొదటి దెబ్బ గోడకి తగిలింది. రెండోది మేకుకి. మూడోది మేస్త్రీ వేలికి. అయినా అతను వేలు తియ్యలేదు. నాలుగో దెబ్బకి మేకు దిగింది. చిటికెడు సున్నం రాలి, మేకు పక్కనుంచి వెంట్రుకంత బీట జానెడు దూరం పాకింది.

మేస్త్రీ మొహం కందగడ్డయింది. "నేను పూసిన గోడమ్మా ఇది. ఈ బీట మాత్రం నేను పూడ్చను" అన్నాడు.

"పూడ్చకు," అంది అక్క. "అది నాది."

దానికి ఏం తగిలిస్తావని నర్సమ్మ అడిగితే, ఏమీ తగిలించనంది. మేకు కొట్టాలనిపించింది, కొట్టింది, అంతే. సుత్తి ఒళ్ళో పెట్టుకుని, ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు కూర్చుంది. ఘనకార్యమే మరి. మేస్త్రీ ఇంకో రెండు రోజులదాకా కిటికీ మూయొద్దని చెప్పి, దెబ్బ తగిలిన వేలు నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అక్క రెండు చెంచాలు తిని చాలంది. పడుకోబెట్టి, దిండు సర్ది, నర్సమ్మ పక్కనే స్టూలు వేసుకుంది. చెయ్యి దానంతటదే అక్క మణికట్టు మీదికి పోయింది. వేళ్ళకింద నాడి తడబడుతోంది. అది ఎన్ని గంటల తడబాటో ఆమెకి పుస్తకం చూడకుండా తెలుసు. ఫోను అందేంత దూరంలోనే ఉంది. తమ్ముడికి చేస్తే పావుగంటలో అంబులెన్సు వస్తుంది, నోట్లో గొట్టం వేస్తారు, అక్క ఇంకో నాలుగు రోజులు తెరుచుకోని కిటికీ వెనక ఉంటుంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అయితే ఈపాటికి బెల్లు కొట్టేసేది. అక్క ముఖం చూసింది. ఫోను ముట్టుకోలేదు. తప్పయితే తప్పే, ఆ తప్పు తనే మోస్తుంది.

రెండున్నరకి అక్క కళ్ళు తెరిచింది. కిటికీ కిందికి చూసి, "ఆరిందా?" అంది.

ఆరిందని చెప్పేస్తే సరిపోయేది. నర్సమ్మ నోటికి ఆ మాట రాలేదు.

"ఇంకా లేదక్కా."

"తొందరేముంది," అంది అక్క. "ఆరనీ."

కళ్ళు మూసుకుంది. ఊపిరి ఆగి వచ్చింది, ఇంకా ఎక్కువసేపు ఆగి వచ్చింది, తర్వాత రాలేదు. నర్సమ్మ చేతి గడియారం చూసుకుంది, అలవాటు. మూడు కావడానికి పది నిమిషాలు. అక్క బొటనవేలి మీది కాయని తన బొటనవేలితో నెమ్మదిగా రాస్తూ చాలాసేపు కూర్చుంది. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. దుఃఖంతో పాటు ఆమెకి గర్వంగా కూడా ఉంది, అలా ఉన్నందుకు ఏమాత్రం సిగ్గు వెయ్యలేదు.

నాలుగు కాకముందే వాకిట్లో కారు ఆగింది. డిక్కీలోంచి ఏదో బరువైనది దించిన చప్పుడు, మెట్లమీద దాన్ని ఈడ్చిన చప్పుడు. తమ్ముడు కొత్త చక్రాల కుర్చీ ఒకటి తెచ్చాడు. ఒక్కడే పైకెక్కించి, వీధిగుమ్మం లోపల మడత విప్పి నిలబెట్టి, రొప్పుతూ లోపలికొచ్చాడు. హాల్లో మంచం లేకపోవడం చూసి తడబడ్డాడు.

"పెద్దక్కని రెడీ చేశావా చిన్నక్కా?"

"పెద్దక్క రాదురా. తన గదిలో ఉంది."

గది ఆరలేదని నాకు తెలుసు, నాతో వాదించకు అంటూ వడివడిగా వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. మంచం చూశాడు. మోకాళ్ళమీద కూలబడి అక్క పాదాలు పట్టుకున్నాడు. యాభై ఏళ్ళవాడు, బడినుంచి దెబ్బలు తిని వచ్చిన పిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నర్సమ్మ అతని వీపు నిమిరింది.

"నాకొక్క ఫోను చెయ్యాలనిపించలేదా నీకు?" అన్నాడు చివరికి.

"చేస్తే తీసుకుపోయేవాడివి."

కాదనడానికి వీల్లేదని ఇద్దరికీ తెలుసు. అతను లేచి చుట్టూ చూశాడు, కొత్త గోడల్నీ, తలవైపు మేకునీ, బీటనీ. ఈ మేకు ఎప్పుడు కొట్టారని అడిగాడు. ఇవాళ పొద్దున అని చెప్పింది నర్సమ్మ, ఎవరికీ సంజాయిషీ ఇవ్వని గొంతుతో. స్టూలు అతనికిచ్చి, తను అక్క మంచం అంచున కూర్చుంది. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పడానికి అతను ఒక్కొక్క నంబరే వెతుకుతూ, మధ్యమధ్య ఆగి ముక్కు చీదుకుంటూ ఉన్నాడు.

వీధిగుమ్మం లోపల, సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పని ఆ చక్రాల కుర్చీ, ఇంట్లోకి మొహం పెట్టి నిలబడి ఉంది.