గూడెంలో నెట్ ఆగిన ఆదివారం

చపాతీ పిండిలో చేతులు పెట్టి ఉన్నప్పుడు హాల్లోంచి మా ఆయన అన్నారు, పింగ్ మళ్ళీ రెండు వందలు దాటిందని. నన్ను పిలవలేదు. ఊరికే అన్నారంతే. ఆయన అలా అంటే నేను వస్తానని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆటలో మనం నొక్కిన మీట కబురు ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. ముప్పై, నలభై మిల్లీసెకన్లు ఉంటే ఆట సాఫీగా సాగుతుంది. రెండు వందలు దాటితే మనం తుపాకీ ఎత్తేలోగానే అవతలివాడు మనని కాల్చేసి పక్కకి వెళ్ళిపోతాడు. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళేసరికి టీవీ కింద ఉండాల్సిన రౌటర్ అక్కడ లేదు. దాని దీపాలు కళ్ళల్లో పడుతున్నాయని మా అత్తగారు రత్నమాణిక్యమ్మగారు దాన్ని తీసుకెళ్ళి అటక మీద ఇత్తడి బిందెల వెనక పెట్టారు. స్టూలు వేసుకుని ఎక్కాను. కింద కుర్చీలో ఆయన చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, భీమవరంలోనూ రాజమండ్రిలోనూ ఉన్న తన జట్టు వాళ్ళతో, "ఒక్క నిమిషం ఆగండ్రా, మా ఇంటి టెక్నీషియన్ ఎక్కింది" అన్నారు. వాళ్ళ నవ్వు హెడ్‌ఫోన్ దాటి నాకు వినిపించింది. నేను కూడా నవ్వాను. అలాంటప్పుడు నవ్వకపోతే మళ్ళీ దాని గురించి ఇంకో మాట పడాలి.

మా ఆయన శ్రీనాథ్‌కి కైకలూరులో రొయ్యల మేత దుకాణం ఉంది. పొద్దున్నే వెళ్ళి అయిదింటికి ఏలూరు వచ్చేస్తారు. రోజంతా చెరువుల వాళ్ళతో మాటలు పడి వస్తాను, సాయంత్రం రెండు గంటలైనా నన్ను వదిలేయండి అంటారు. వదిలేస్తాం. నేనూ అయిదున్నరకే వస్తాను. నన్ను వదిలేసే రెండు గంటలు ఎప్పుడని ఎవరినీ అడగలేదు. అలా అడగవచ్చన్న ఆలోచన కూడా చాలా ఏళ్ళు రాలేదు. ఆయనతో ఏదైనా చెప్పాలన్నా ఒక మ్యాచ్ అయ్యి ఇంకోటి మొదలయ్యేలోగా చెప్పాలి. ఆ మధ్య దొరికే అర నిమిషంలో కరెంటు బిల్లు, అత్తగారి మోకాళ్ళు, గ్యాస్ బుకింగ్, అన్నీ చెప్పేయడం నేర్చుకున్నాను. పెద్ద మాటలు మాత్రం అర నిమిషంలో పట్టవు. అవి లోపలే ఉండిపోయేవి.

నేను చేసేది కూడా నెట్ పనే. ఇక్కడే ఏలూరు పవర్‌పేటలో బంగార్రాజుగారి కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో పదకొండేళ్ళుగా కంప్లయింట్ల టేబుల్ నాది. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను, మిగతాది అక్కడే నేర్చుకున్నాను. సెలవుల్లో సగం ఫోన్లు ఆటలవే. స్పీడు వంద చూపిస్తోంది కానీ ఆట ఆగిఆగి వస్తోందండీ అంటారు. గోడ ఎన్ని అంగుళాలుందో, రౌటర్ ఫ్రిజ్ పక్కన పెట్టారో, ఇంట్లో ఇంకెవరు సినిమా చూస్తున్నారో అడిగి, కేబుల్ నేరుగా పెట్టించి, వైఫై చానల్ మార్పించి సరిచేస్తాను. సగం మంది నా గొంతు వినగానే, ఎవరైనా మగవాళ్ళుంటే ఇవ్వమ్మా అంటారు. అప్పుడు ఫోను హేమంత్‌కుమార్‌కి ఇస్తాను. అతను ఫీల్డ్ టెక్నీషియన్, నాకంటే మూడేళ్ళు చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి. నేను పక్కనుంచి మెల్లగా చెబుతుంటే అతను అదే మాట గట్టిగా చెబుతాడు. అవతలివాళ్ళు థాంక్సండీ అని పెట్టేస్తారు. ఇది మా ఇద్దరికీ అలవాటైపోయింది. నాకు అవమానం అనిపించేది కాదు. పని జరిగింది కదా అనుకునేదాన్ని. అలా అనుకోవడం ఎంత అలసటో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాతి ఆదివారం తాడేపల్లిగూడెంలో ఒక ఫంక్షన్ హాల్లో ఆటల పోటీ పెట్టారు. నలభై కంప్యూటర్లు, మూడు జిల్లాల జట్లు. లైను మా ఆఫీసుది. గూడెంలో కొత్త బ్రాంచి తెరవబోతున్నారు కాబట్టి బంగార్రాజుగారు దాన్ని ప్రతిష్ఠగా తీసుకున్నారు. హాల్లో ఏ తీగ ఎక్కడ నుంచి ఎక్కడికి పోవాలో కాగితం మీద గీసింది నేనే. వెళ్ళింది మాత్రం హేమంత్. ఆదివారం కదా, నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకమ్మా అన్నారు బంగార్రాజుగారు. ఆయన మంచిగానే అన్నారు. నిజానికి ఆ ఆదివారం మా ఆడపడుచు పద్మప్రియ, వాళ్ళాయన అత్తిలి నుంచి భోజనానికి వస్తున్నారు. వెళ్ళమన్నా వెళ్ళలేకపోయేదాన్నేమో.

పదకొండున్నరకి పొయ్యి మీద కొరమీను పులుసు మరుగుతుంటే హేమంత్ ఫోను చేశాడు. పొద్దున పరీక్షించి చూసినప్పుడు అంతా బాగుంది, ఇప్పుడు నలభై మందీ ఉన్నట్టుండి ఆగిపోతున్నారు, రెండు సెకన్లు ఆగి మళ్ళీ కదులుతున్నారు, కుర్రాళ్ళు కుర్చీలు తోసి లేచిపోతున్నారు అన్నాడు. రౌటర్ మార్చాడట, తీగలు మార్చాడట. వెనకనుంచి బంగార్రాజుగారి గొంతు వినిపిస్తోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, పులుసు గిన్నె చెవులు గుడ్డతో పట్టుకుని తిప్పాను. ఉడుకుతున్న చేపలో గరిటె పెడితే ముక్క చెదిరిపోతుంది. స్పీడు ఎంత చూపిస్తోందని అడిగాను. నిండుగానే ఉందన్నాడు. అది డౌన్‌లోడ్, నువ్వు అప్‌లోడ్ చూడు అన్నాను. చూశాడు. మొత్తం ఎవరో వాడేస్తున్నారక్కా, ఖాళీ లేదు అన్నాడు.

"పొద్దున లేనివాళ్ళు ఇప్పుడు హాల్లో ఎవరున్నారు? నిదానంగా చూసి చెప్పు" అన్నాను.

ఇంట్లో మా హాల్లోంచి అత్తగారు మంచినీళ్ళు అడిగారు. జగ్గు తీసుకెళ్ళి పెట్టి వచ్చాను. పద్మప్రియ వాళ్ళాయన మజ్జిగ ఉంటే బాగుండునన్నారు. మజ్జిగ తీసుకెళ్ళాను. ఫోను చెవి దగ్గరే ఉంది. ఎవరితో అంతసేపు అని మా ఆయన కళ్ళతోనే అడిగారు. ఆఫీసు అన్నాను. ఆదివారం కూడానా అన్నట్టు తల తిప్పుకున్నారు. అప్పటికి హేమంత్ అక్కడి హాలంతా తిరిగి చూశాడు. స్టేజి పక్కన ముగ్గురు కెమెరా వాళ్ళు పోటీని లైవ్‌లో పెడుతున్నారు. వాళ్ళు పదకొండింటికి వచ్చి, ఎవరినీ అడక్కుండా మన రౌటర్ పెట్టెలోనే తీగ గుచ్చుకున్నారు. ఆ వీడియో అంతా బయటికి పోతూ దారి మొత్తం నింపేస్తోంది. ఆటగాళ్ళు నొక్కిన మీట కబురు చాలా చిన్నది, కానీ దానికి పోవడానికి సందు లేదు. వాళ్ళ తీగ పీకేయమంటారా అన్నాడు. వద్దు, లైవ్ ఆగితే అదో గొడవ, వాళ్ళకి ఒక హద్దు పెడదాం, ఆటలకి ముందు దారి ఇద్దాం అన్నాను. రౌటర్ లోపలి పేజీలు నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి. ఎడమవైపు మూడోది నొక్కు, కిందకి రా, అక్కడ కెమెరా వాళ్ళ మెషీను నంబరు కొట్టు, అంకె ఇంత పెట్టు అని చెప్పుకుంటూ పోయాను. మధ్యలో పులుసు రెండుసార్లు తిప్పాను. పన్నెండు దాటాక హేమంత్, "అక్కా, పింగ్ అందరికీ ముప్పై లోపే" అన్నాడు. వెనకనుంచి కుర్రాళ్ళ కేకలు వినిపించాయి. పొయ్యి ఆపాను. ముక్కలు ఒక్కటి కూడా విరగలేదు. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి రెండు చేతులూ గట్టు మీద ఆనించాను. సంతోషమో నీరసమో నాకే తెలియలేదు.

సాయంత్రం నాలుగింటికి నేను టీలు పట్టుకెళ్ళేసరికి మా ఆయన ఆ పోటీనే టీవీలో పెట్టుకుని చూస్తున్నారు. లైవ్ ఎక్కడా ఆగడం లేదు. బహుమతులు అయ్యాక బంగార్రాజుగారు మైకు తీసుకున్నారు. మా హేమంత్‌కుమార్ లేకపోతే ఈ రోజు మా పరువు పోయేదని, ఒక్కడే అరగంటలో సమస్య పట్టేశాడని చెప్పి అతనికి శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. హేమంత్ తల వంచుకుని నిలబడ్డాడు. మా ఆయన టీ కప్పు అందుకుంటూ, "చూశావా ఉదయా, పనిమంతుడంటే అలా ఉండాలి" అన్నారు.

"ఆ పని చెప్పింది నేనేనండీ. పొద్దున ఫోన్లో" అన్నాను.

"నువ్వా? చేపల పులుసు పెడుతూనా?" అని ఆయన నవ్వారు. పద్మప్రియ వాళ్ళాయన నవ్వారు. అత్తగారు కూడా నవ్వారు. ఎవరి నవ్వులోనూ చెడ్డతనం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. పద్మప్రియ ఒక్కతే నా మొహం చూసి, వదిన చెప్పే ఉంటుందిలే అంది, చిన్నపిల్లని సముదాయించినట్టు. వాళ్ళు తాగేసిన కప్పులు ట్రేలో పెట్టుకుని లోపలికి వచ్చేశాను.

అంట్లు తోముతుంటే హేమంత్ ఫోను చేశాడు. స్టేజి మీద నా పేరు చెప్పలేదేం అని అడిగాను. అడగకుండా ఉందామనే అనుకున్నాను, నోట్లోంచి వచ్చేసింది. చెబుదామనే అనుకున్నానక్కా, అప్పటికే శాలువా కప్పేశారు అన్నాడు. ఆ తర్వాత, గూడెం బ్రాంచికి తననే ఇన్‌చార్జిగా పంపిస్తామన్నారని, మీరు ఫోన్లో ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటానని అన్నాడు. అతని గొంతులో మోసం లేదు. పదకొండేళ్ళుగా నేను అలా ఉంటూనే ఉన్నాను కాబట్టి ఇక ముందూ ఉంటానని నమ్మాడు. ఇంట్లో మా ఆయన నమ్మినట్టే. సరే ఉంటానని నేనెప్పుడూ ఎవరికీ మాటగా చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. సబ్బు నురగలో చేతులు ఉంచి చాలాసేపు అలాగే నిలబడ్డాను. వాళ్ళందరి మీదా కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. కోపానికి కావలసిన ఓపిక కూడా లేదు నాలో. ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలిసింది. ఇంకో పదకొండేళ్ళు ఇలా చెయ్యలేను.

సోమవారం పొద్దున బంగార్రాజుగారి గదిలోకి వెళ్ళి, ఆయన కూర్చోమనకముందే ఎదురుగా కూర్చున్నాను. గూడెం ఇన్‌చార్జి పని నాకు ఇవ్వండి అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, నిన్న హేమంత్ ఎంత బాగా చేశాడో చెప్పడం మొదలుపెట్టారు. హేమంత్‌ని పిలిచి నా ముందే అడగమన్నాను. అతను వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, ఆ సెట్టింగులు ఎక్కడుంటాయో కూడా నాకు తెలియదండీ, అక్క చెప్పినట్టు నొక్కానంతే అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో చెవులు ఎర్రబడడంలోనే తెలిసింది. బంగార్రాజుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"రోజూ రైల్లో వెళ్ళి రావాలమ్మా. మీ ఇంట్లో ఒప్పుకుంటారా?"

"ఇంట్లో సంగతి నేను చూసుకుంటానండీ. ఇక్కడ మీరు ఒప్పుకోండి."

మూడు నెలలు చూద్దామన్నారు. హేమంత్‌ని పెట్టినా మూడు నెలలేనా అని అడిగాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. సరే, వచ్చే సోమవారం నుంచి వెళ్ళు అన్నారు. బయటికి వచ్చాక హేమంత్ సంచిలోంచి ఆ శాలువా తీసి ఇవ్వబోయాడు. మీ అమ్మకివ్వు, నాకెందుకు అన్నాను. అతను ఊపిరి తీసుకుని, గూడెంలో ఫీల్డ్ పనికి నన్నే అడగండక్కా అన్నాడు. చూద్దామన్నాను.

ఇంటికి రాగానే ముందు అత్తగారికి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. రైల్లో ఆడవాళ్ళ పెట్టె ఉంటుందా అమ్మాయ్ అని అడిగారు. ఉంటుందన్నాను. మధ్యాహ్నం నా అన్నం నేను పెట్టుకుంటాలే, వాడికి మాత్రం నువ్వే చెప్పుకో అని మళ్ళీ చిక్కుడుకాయల మీదకి వంగారు.

ఆయన హాల్లో ఆడుతున్నారు. మ్యాచ్ సగంలో ఉంది. అయ్యేదాకా ఆగలేదు. టీవీకి కాస్త పక్కగా నిలబడి, వచ్చే సోమవారం నుంచి తాడేపల్లిగూడెం బ్రాంచి నేనే చూస్తున్నానని, ఏడింటి బండికి వెళ్ళి సాయంత్రం ఏడింటికి వస్తానని చెప్పాను. ఆయన హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి జరిపారు. పవర్‌పేట నుంచి నడిచి వస్తున్నంతసేపూ నేను జవాబులు కూడబెట్టుకున్నాను. వంట అంటే ఇది, అమ్మ అంటే ఇది, నలుగురూ ఏమంటారంటే ఇది. ఆయన నన్ను చూశారు. స్క్రీన్ చూశారు. మళ్ళీ నన్ను చూశారు.

"మరి ఇక్కడ నెట్ ఆగిపోతే?" అన్నారు.

పదహారేళ్ళ కాపురంలో ఆయనకి గుర్తొచ్చిన, నేను లేని లోటు అదొక్కటే. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. రోజూ వంద మందికి చెప్పే గొంతుతోనే చెప్పాను.

"ఆఫీసుకి ఫోను చెయ్యండి. పేరు, వీధి, కనెక్షన్ నంబరు అడుగుతారు. వరస ప్రకారం మనిషి వస్తాడు."